పత్తి సుస్థిర సాగును యూనివర్సిటీలో చదవాలంటే: విత్తనం దగ్గర నుంచి థీసిస్ దాకా

పత్తి మీద, అందులోనూ సుస్థిర సాగు మీద చదవాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఏ కోర్సులో చేరాలి అనే. దానికంటే ముందు అడగాల్సింది ఒకటుంది. ఆ యూనివర్సిటీ పొలంలో విత్తనం పెట్టిన రోజు నుంచి చివరి తీత దాకా నేను ఆ సాళ్ల మధ్య తిరగగలనా? పత్తి ఐదారు నెలల పంట. దాన్ని ఒక సెమిస్టర్‌లో నేల, ఇంకో సెమిస్టర్‌లో పురుగులు, మరోదాంట్లో నీళ్లు అని ముక్కలు చేసి చదివితే మార్కులు వస్తాయి గానీ, రెండో నెలలో తొందరపడి కొట్టిన మందు నాలుగో నెలలో తెల్లదోమను ఎలా నెత్తికెత్తిందో మాత్రం కళ్లకు కనపడదు. ఈ పంటలో అన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి, ఆ ముడి పట్టుకోవడమే అసలు చదువు.

ఇంకో మాట కూడా మొదట్లోనే చెప్పేస్తాను. 'సుస్థిరం' అనే మాటను ఎప్పుడూ ఒంటరిగా వాడకండి. కిలో దూదికి ఎన్ని లీటర్ల నీళ్లు పెట్టాం, సీజన్‌లో ఎన్నిసార్లు ఏ మందు కొట్టాం, నేలలో సేంద్రియ కర్బనం పెరిగిందా తగ్గిందా, ఖర్చులు పోను రైతుకు ఎంత మిగిలింది, పింజ నాణ్యత ఎలా ఉంది. ఈ ఐదు ప్రశ్నలకు అంకెల్లో జవాబు చెప్పగలిగితేనే ఆ మాట వాడే హక్కు మనకు వస్తుంది. కింద చెప్పే అడుగులన్నీ ఆ అంకెలు రాబట్టడం కోసమే.

మొదటి అడుగు: చేరే ముందు పొలం చూసి రండి

ప్రాస్పెక్టస్‌లో కోర్సుల పేర్లు అన్నిచోట్లా ఒకేలా ఉంటాయి, తేడా పొలంలోనే తెలుస్తుంది. వెళ్లగలిగితే వెళ్లండి, కుదరకపోతే అక్కడ చదువుతున్న సీనియర్లను అడగండి. పత్తి ఏటా వేస్తారా, ఏళ్ల తరబడి ఒకే చోట పంట మార్పిడి ప్రయోగం ఏదైనా నడుస్తోందా, గింజ నుంచి దూదిని వేరు చేసే చిన్న జిన్నింగ్ మిషన్ ఉందా, పింజ టెస్టులు ఎక్కడ చేయిస్తారు, పురుగుల లెక్క తీసేది స్టూడెంట్లేనా? ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి అక్కడి చదువు ఎలాంటిదో చాలావరకు తెలిసిపోతుంది.

ఏళ్ల తరబడి నడిచే ప్రయోగాల గురించి ఎందుకు అంత పట్టుబడుతున్నానంటే, నేలలో మార్పు రెండు మూడేళ్లలో కనపడదు. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని ఆబర్న్ యూనివర్సిటీలో 'ఓల్డ్ రొటేషన్' అనే ప్రయోగం 1896లో మొదలైంది, ఇప్పటికీ నడుస్తోంది. ప్రపంచంలో పత్తి మీద ఇంత కాలంగా ఆగకుండా సాగుతున్న ప్రయోగం ఇంకోటి లేదు. పత్తి మీద పత్తి వేసుకుంటూ పోతే ఏమవుతుంది, మధ్యలో పప్పుజాతి పచ్చిరొట్ట వేస్తే నత్రజని ఎరువు అవసరం ఎంత తగ్గుతుంది అనే ప్రశ్నలకు నూరేళ్లకు పైబడిన జవాబు అక్కడ ఉంది. అలాగే మధ్యప్రదేశ్‌లో 2007 నుంచి ఎఫ్‌ఐబీఎల్ అనే స్విస్ పరిశోధన సంస్థ సేంద్రియ సాగునూ రసాయన సాగునూ పక్కపక్క ప్లాట్లలో పోల్చి చూస్తోంది. ఈ రెండు ప్రయోగాల మీద వచ్చిన పేపర్లు మొదటి సెమిస్టర్ అయ్యేలోపే చదివేయండి, తర్వాత క్లాసులో వినే పాఠాలు ఎక్కడ అతుక్కుంటాయో తెలుస్తుంది.

సబ్జెక్టుల విషయానికొస్తే సాగు శాస్త్రం, కీటక శాస్త్రం, నేల శాస్త్రం, మొక్కల శరీరధర్మ శాస్త్రం, గణాంకాలు, వ్యవసాయ ఆర్థిక శాస్త్రం, ఈ ఆరూ ఉండాల్సిందే. టెక్స్‌టైల్ నుంచో మామూలు బయాలజీ నుంచో వచ్చేవాళ్లు ముందు నేల, కీటకాల క్లాసుల్లో కూర్చోండి, మిగతావి నడుస్తూ నేర్చుకోవచ్చు.

రెండో అడుగు: పది మొక్కలకు రిబ్బన్ కట్టండి

ఇది మాత్రం ఎవరూ చెప్పకపోయినా చేయండి. విత్తిన నెలకల్లా ప్లాట్‌లో అక్కడక్కడా పది మొక్కలు ఎంచుకుని రంగు రిబ్బన్ కట్టి, వారానికి ఒకసారి ఒక్కో మొక్కకు నోట్‌బుక్‌లో బొమ్మ గీయండి. నిట్టనిలువుగా ఒక గీత, అది కాండం. దాని మీద కణుపులు. ఐదో కణుపు నుంచి ఏడో కణుపు మధ్యలో ఎక్కడో మొదటి కాయకొమ్మ వస్తుంది. ఆ కొమ్మ మీద ఒక్కో చోట మొగ్గ ఉంటే చిన్న చుక్క, పువ్వుంటే గుండ్రం, కాయ ఉంటే నిండు గుండ్రం, రాలిపోతే ఇంటూ మార్కు. దీన్నే ప్లాంట్ మ్యాపింగ్ అంటారు.

నాలుగు వారాలయ్యేసరికి ఒక లయ కనపడుతుంది. కాండం మీద ఒక కాయకొమ్మలో మొదటి పువ్వు విచ్చుకున్నాక దాని పై కొమ్మలో అదే స్థానంలో పువ్వు రావడానికి సుమారు మూడు రోజులు, అదే కొమ్మ మీద పక్క స్థానంలో రావడానికి సుమారు ఆరు రోజులు పడుతుంది. మొగ్గ కనపడిన మూడు వారాలకు పువ్వు. మామూలు అమెరికన్ రకం పత్తిలో ఆ పువ్వు మొదటి రోజు మీగడ తెలుపులో ఉండి మర్నాటికి గులాబీ రంగుకు తిరుగుతుంది, అందుకే తెల్ల పువ్వు కనపడిందంటే అది ఈరోజే విచ్చింది అని నిశ్చింతగా రాసుకోవచ్చు. కొమ్మ మీద కాండానికి దగ్గరగా, అంటే మొదటి స్థానంలో ఉన్న తెల్ల పువ్వుల్లో అన్నిటికంటే పైన ఉన్నదాన్ని పట్టుకుని, దానికి పైన ఎన్ని కణుపులున్నాయో లెక్కపెట్టండి. పూత మొదట్లో ఎనిమిది నుంచి పది దాకా ఉండే ఆ లెక్క, కాయల బరువు పెరిగేకొద్దీ తగ్గుతూ వస్తుంది, ఐదుకు వచ్చిందంటే మొక్క కొత్త కాయల మీద ఆశ వదులుకున్నట్టే. ఆఖరి తడి ఎప్పుడు, మందు కొట్టడం ఎప్పుడు ఆపాలి లాంటి నిర్ణయాలన్నీ ఈ ఒక్క అంకె చుట్టూ తిరుగుతాయి.

ఆ బొమ్మల్లో ఇంటూ మార్కులు చూసి కంగారు పడకండి. పత్తి పుట్టుకతో బహువార్షిక మొక్క, మనం దాన్ని ఏడాది పంటగా పెంచుతున్నాం. అది మోయగలిగిన దానికంటే ఎక్కువ మొగ్గలు వేసి, సగానికి పైగా తనే రాల్చేసుకుంటుంది. ఈ సంగతి ఒంటబట్టినవాళ్లు నాలుగు మొగ్గలు రాలగానే డబ్బా భుజానికెత్తరు.

వేడి లెక్క కూడా ఇక్కడే మొదలుపెట్టండి. రోజులో గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతల సగటు తీసి అందులోంచి 15.6 డిగ్రీలు తీసేయాలి. గరిష్ఠం 34, కనిష్ఠం 22 అయితే సగటు 28, ఆరోజు మిగిలింది 12.4 యూనిట్లు. విత్తిన నాటి నుంచి ఇవి కూడుకుంటూ పోతే మొక్క వయసు క్యాలెండర్ కంటే నమ్మకంగా తెలుస్తుంది. కొన్ని దేశాల్లో 15.6 బదులు వేరే అంకె తీసేస్తారు, కాబట్టి ఏ పేపర్ చదివినా ముందు అది చూసుకోండి, లేదంటే పోలిక మొత్తం తప్పిపోతుంది.

మూడో అడుగు: పార పట్టుకుని తవ్వండి

ల్యాబ్ రిపోర్టు వచ్చేలోపు అరమీటరు గుంట తవ్వి చూస్తే నేల గురించి సగం తెలిసిపోతుంది. తల్లివేరు నేరుగా కిందికి దిగిందా, ఎక్కడైనా ఒక్కసారిగా పక్కకు తిరిగిందా చూడండి. తిరిగిందంటే అక్కడ ట్రాక్టరు తొక్కిడికి గట్టిపడిన పొర ఉంది, ఆ మొక్కకు ఎన్ని తడులు పెట్టినా, ఎంత ఎరువు వేసినా అది అందుకోలేదు. సేంద్రియ కర్బనం, నేల సాంద్రత, నీరు ఇంకే వేగం, ఈ మూడూ ప్రతి ఏడాది ఒకే చోట, ఒకే లోతులో, ఒకే కాలంలో కొలవాలి. లోతు మారితే అంకె మారుతుంది, దాన్ని చూసి నేల బాగుపడిందని మురిసిపోయేవాళ్లున్నారు.

నత్రజని దగ్గర ఆగి ఆలోచించండి. ఎక్కువైతే మొక్క ఆకు మీద ఆకు వేసి పచ్చగా నవనవలాడుతుంది, చూడ్డానికి బాగుంటుంది, పచ్చదోమకూ తెల్లదోమకూ కూడా అలాగే బాగుంటుంది. పైగా మొక్క తీసుకోని నత్రజనిలో కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా గాల్లో కలుస్తుంది, వందేళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 273 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కించే వాయువు. ఎరువు బస్తాకూ, పురుగుల మందుకూ, వాతావరణానికీ ఉన్న ముడి ఇదే.

నాలుగో అడుగు: నీళ్ల లెక్క మీరే వేయండి

పత్తికి సీజన్ మొత్తం మీద 700 నుంచి 1300 మిల్లీమీటర్ల దాకా నీరు కావాలని ప్రపంచ ఆహార, వ్యవసాయ సంస్థ లెక్క. అది వాన కావచ్చు, తడి కావచ్చు. ఒక మిల్లీమీటరు నీరు హెక్టారు మీద పడితే 10,000 లీటర్లు, ఈ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా కూడికలూ భాగహారాలే.

కిలో పత్తికి 20,000 లీటర్లు తాగుతుందనే మాట మీరు వినే ఉంటారు. వినగానే నమ్మకండి, అలాగని కొట్టిపారేయకండి, నాలుగు ప్రశ్నలు అడగండి. అందులో వాన నీరు కలిసిందా? కిలో అంటే దూదా, గింజతో ఉన్న పత్తా? ఏ ప్రాంతం? ఏ సంవత్సరం? ఉదాహరణకు ఒక హెక్టారుకు 500 మిల్లీమీటర్ల తడి పెట్టి 1000 కిలోల దూది తీశారనుకుందాం. పెట్టిన నీరు 50 లక్షల లీటర్లు, అంటే కిలో దూదికి 5000. అదే పొలంలో గింజతో కలిపి 2800 కిలోలు వచ్చిందనుకుని లెక్కవేస్తే కిలోకు 1800 కూడా రాదు. పొలం అదే, నీళ్లు అవే, అంకె మాత్రం మూడో వంతుకు పడిపోయింది. ఎవరి రిపోర్టు చదివినా కింద చిన్న అక్షరాల్లో ఉండే యూనిట్ ముందు చూడాలని చెప్పేది అందుకే.

నీటి గురించి చదివేటప్పుడు అరల్ సముద్రాన్ని తప్పకుండా చదవండి. ఒకప్పుడు ప్రపంచంలో నాలుగో పెద్ద సరస్సు అది. 1960ల నుంచి ఆము దర్యా, సిర్ దర్యా నదుల నీళ్లను ప్రధానంగా పత్తి పొలాలకు మళ్లించడంతో ఎండిపోతూ వచ్చింది, అడుగున మిగిలిన ఉప్పు దుమ్మై ఊళ్ల మీద పడింది, కాలువల కింది పొలాలేమో చౌడు బారాయి. పత్తి ఉప్పును బాగానే తట్టుకుంటుంది, నేల ఉప్పుదనం మీటరుకు 7.7 డెసీసీమెన్లు దాటితే గానీ దిగుబడి పడిపోవడం మొదలవదు. ఆ తట్టుకునే గుణం వల్లే ప్రమాదం ఆలస్యంగా బయటపడుతుంది. కాబట్టి నీరు పెట్టడం గురించి ఎన్ని పేజీలు చదివితే మురుగు నీరు బయటికి తీయడం గురించి అన్ని పేజీలు చదవండి.

ఐదో అడుగు: పురుగును కళ్లతో చూశాకే పుస్తకం తెరవండి

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. పత్తిని సుస్థిరంగా పండించడంలో గెలుపోటములు ఎక్కువగా పురుగుల దగ్గరే తేలాయి.

పొద్దున్నే వెళ్లండి. నా మొదటి సీజన్‌లో మధ్యాహ్నం క్లాసులయ్యాక పొలానికెళ్లి పచ్చదోమ లెక్క తీసేదాన్ని, వారం వారం తక్కువే వచ్చేది. ఆకుల అంచులు మాత్రం పసుపుబారి ముడుచుకుంటూ పోయాయి. ఒకరోజు ఏడింటికల్లా వెళ్లి చూస్తే ఆకు తిప్పగానే అడ్డంగా పరిగెత్తేవి గుంపులు గుంపులుగా ఉన్నాయి. ఎండెక్కాక అవి చురుగ్గా ఉంటాయి, మనిషి నీడ పడగానే ఎగిరిపోతాయి. మూడు వారాల డేటా పక్కన పెట్టేయాల్సి వచ్చింది. అప్పటి నుంచి ఎన్నింటికి లెక్క తీశానో కూడా షీట్‌లో ఒక కాలమ్‌గా రాస్తున్నాను, మీరూ రాయండి.

లెక్క తీసేటప్పుడు గట్టు పక్క మొక్కలు వదిలేసి, పొలంలో వంకరటింకరగా నడుస్తూ, మొక్కకు పైన ఒకటి, మధ్యలో ఒకటి, కింద ఒకటి చొప్పున మూడు ఆకులు తిప్పి చూడాలి. అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు, సాలీళ్లను కూడా లెక్కపెట్టండి. శత్రువులను లెక్కపెట్టి మిత్రులను వదిలేసిన షీట్‌తో మందు కొట్టాలా వద్దా అనేది తేల్చలేరు.

ఇక గులాబీ రంగు పురుగు. దీన్ని పైనుంచి చూసి పట్టుకోలేం. విచ్చుకోకుండా రేకులు మెలితిరిగి గులాబీ మొగ్గలా ముడుచుకుపోయిన పువ్వును గుడ్డి పువ్వు అంటారు, దాన్ని విప్పితే రేకులను పట్టుదారంతో కలిపి కుట్టేసుకుని లోపల పుప్పొడి తింటున్న చిన్న పురుగు ఉంటుంది. కాయల్లో చూడాలంటే రెండు మూడు వారాల వయసున్నవి, బొటనవేలితో నొక్కితే కొంచెం లొంగేవి ఇరవై కోసుకుని చాకుతో చీల్చండి. బయట మచ్చ కూడా ఉండదు, పురుగు దూరిన రంధ్రం పూడిపోయి ఉంటుంది. కానీ తొక్క లోపలి వైపు వేలితో తడిమితే చిన్న చిన్న బొడిపెలు తగులుతాయి, తడిగా తెల్లగా ఉండాల్సిన దూది ఒక గదిలో గోధుమ రంగు తిరిగి ఉంటుంది, గింజ పక్కన నల్ల తలతో తెల్లటి పురుగు కదులుతుంది. ఇంకా పెద్దదైతే ఒంటి మీద గులాబీ చారలు వస్తాయి. సీజన్ చివర్లో రెండు గింజలు అతుక్కుపోయి కనపడితే వాటి మధ్య నిద్రావస్థలో ఉన్నది వచ్చే ఏటి సమస్య. పత్తి కట్టెను పొలంలోనే నెలల తరబడి వదిలేయొద్దని అనేది ఇందుకే.

ఇవన్నీ చూశాక చదవాల్సిన కథ ఒకటుంది. బీటీ పత్తి అమెరికాలో 1996లో, మన దేశంలో 2002లో వచ్చింది. మొక్క లోపలే పురుగును చంపే విషం తయారవుతుంది కాబట్టి, దానికి లొంగని పురుగులు పుట్టుకు రాకుండా పక్కన బీటీ కాని పత్తి కొంత వేయాలి. అందులో బతికిన మామూలు పురుగులు, తట్టుకోగలిగిన కొద్దిపాటి పురుగులతో జతకడితే వాటి సంతానం మళ్లీ విషానికి లొంగుతుంది. మన దగ్గర ఆ పక్క పంట సరిగా వేయడం జరగలేదు, సీజన్ పొడిగించి పంట నిలబెట్టారు, 2010 నాటికి గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు మొదటి బీటీ జన్యువును తట్టుకుంటోందని బయటపడింది, కొన్నేళ్లకు రెండు జన్యువులున్న పత్తికీ అదే గతి పట్టింది. అమెరికాలో రైతులు పక్క పంట నియమం పాటించారు, తర్వాత కోట్ల సంఖ్యలో సంతానం కలగని పురుగులను వదిలారు, లింగాకర్షక బుట్టలతో నిఘా పెట్టారు. 2018లో పత్తి పండించే తమ ప్రాంతాల్లో ఆ పురుగు లేదని ప్రకటించుకున్నారు. జన్యువు అదే, పురుగు అదే, ఫలితాలు మాత్రం ఇంత దూరంగా ఉన్నాయి. దానికి కారణాలు ల్యాబ్‌లో ఎన్ని, పొలంలో ఎన్ని, విత్తన మార్కెట్‌లో ఎన్ని, ప్రభుత్వంలో ఎన్ని అని విడదీసి ఒక పేజీ రాయగలిగితే మీరు ఈ సబ్జెక్టులోకి నిజంగా అడుగుపెట్టినట్టు.

ఆర్థిక నష్ట పరిమితి స్థాయి అనే మాట రోజూ వింటారు. 1959లో కాలిఫోర్నియాలో స్టెర్న్, స్మిత్, వాన్ డెన్ బాష్, హేగన్ అనే కీటక శాస్త్రవేత్తలు కలిసి రాసిన పేపర్‌తో ఆ ఆలోచన ఒక రూపానికి వచ్చింది. పురుగు కనపడగానే కాదు, అది చేయబోయే నష్టం మందు ఖర్చును దాటబోతున్నప్పుడే చర్య తీసుకోవాలి అని దాని సారం. మన దేశంలో గులాబీ రంగు పురుగుకు లింగాకర్షక బుట్టకు రాత్రికి 8 రెక్కల పురుగుల చొప్పున వరసగా మూడు రాత్రులు పడటం, లేదా 10 శాతం గుడ్డి పూలు కనపడటం పరిమితిగా చెబుతారు. ఈ అంకెలు బట్టీ పట్టడం సులువే, దూది ధర మారితే ఆ పరిమితి ఎటు జరగాలో ఆలోచించడం నేర్చుకోండి. మందుల గురించి రాసేటప్పుడు ఎన్ని లీటర్లు అని మాత్రమే రాయకుండా ఏ గ్రూపు మందు, ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాద తరగతుల్లో అది ఎక్కడుంది అనేది కూడా పక్కన రాయండి. తక్కువ మోతాదులో ఎక్కువ విషమైనది కొట్టి 'మందు తగ్గించాం' అనడం చాలా తేలిక.

ఆరో అడుగు: గణాంకాలంటే భయం పోగొట్టుకోండి

ఈ సబ్జెక్టులో థీసిస్‌లు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే. ఒక ప్లాట్‌లో డ్రిప్, పక్క ప్లాట్‌లో కాలువ తడి పెట్టి, ఒక్కోదాంట్లో 30 మొక్కలు కొలిచి 'నాకు 30 రెప్లికేషన్లు ఉన్నాయి' అంటే, అంటే ఆ పద్ధతిని 30 వేర్వేరు ప్లాట్లలో చేసి చూశాను అంటే, అది తప్పు. మీకున్నది ఒక్కొక్కటే. ఆ తేడా డ్రిప్ వల్ల వచ్చిందో, ఆ ప్లాట్ నేల వల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు. నేల వాలును బట్టి బ్లాకులు చేసి, ప్రతి బ్లాకులో అన్ని పద్ధతులనూ చీటీ తీసినట్టు పంచి, కనీసం నాలుగు బ్లాకులు పెట్టుకుని, అంచు సాళ్లు వదిలేసి కొలవండి. పురుగుల లెక్కల్లో సున్నాలు ఎక్కువుంటాయి, అక్కడక్కడా పెద్ద అంకెలుంటాయి, వాటికి మామూలు సగటు పోలికలు సరిపోవు, నెగెటివ్ బైనామియల్ లాంటి మోడళ్లు కావాలి. 'ఆర్' సాఫ్ట్‌వేర్ ఉచితమే, మొదటి ఏడాదే మొదలుపెట్టండి. విత్తక ముందే గణాంకాల టీచర్ దగ్గరికి వెళ్లండి, తీత అయ్యాక వెళ్తే ఆయన చేయగలిగింది ఏమీ ఉండదు.

శాటిలైట్ చిత్రాలు, పంట ఎలా పెరుగుతుందో కంప్యూటర్‌లో లెక్కవేసే పంట మోడళ్లు కూడా తెలిసి ఉండాలి. సెంటినెల్-2 చిత్రాలు 10 మీటర్ల స్పష్టతతో ఐదు రోజులకోసారి ఉచితంగా దొరుకుతాయి. మోడళ్లలో డీఎస్‌శాట్ అనే సాఫ్ట్‌వేర్‌లోని క్రాప్‌గ్రో-కాటన్, ఏపీసిమ్ అనే సాఫ్ట్‌వేర్‌లోని ఓజ్‌కాట్ ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. రెండో అడుగులో గీసిన బొమ్మలు ఇక్కడ పనికొస్తాయి, మోడల్ చెప్పిన పూత తేదీని మీ రిబ్బన్ మొక్కలతో సరిచూసుకోవచ్చు.

ఏడో అడుగు: దూది వెంట జిన్నింగ్ దాకా వెళ్లండి

పింజ పొడవు, బలం, మైక్రోనేర్ (పింజ ఎంత సన్నంగా ఉంది, ఎంత పండింది అని చెప్పే అంకె) ఎలా కొలుస్తారో ఒక్కరోజైనా ల్యాబ్‌లో కూర్చుని చూడండి. మైక్రోనేర్ 3.5 కంటే తక్కువైతే పింజ పండకపోయి ఉండొచ్చు, 4.9 దాటితే ముతక. నీటి ఎద్దడి, పూత ఆలస్యం, ముందే ఆపేసిన తడి, అన్నీ ఆ ఒక్క అంకెలో తేలతాయి. పత్తి బాధ్యతగా పండిందని చెప్పే సర్టిఫికెట్ల గురించి ఒక మాట: బెటర్ కాటన్, జీఓటీఎస్, కాటన్ మేడ్ ఇన్ ఆఫ్రికా, ఆస్ట్రేలియా వాళ్ల మైబీఎంపీ, ఇవన్నీ ఒకటి కాదు. బెటర్ కాటన్ సాగు పద్ధతిని చూస్తుంది, జీఓటీఎస్ సేంద్రియ దూదిని బట్ట తయారయ్యేదాకా వెంబడిస్తుంది. ఒక్కోదాని నియమావళి తెరిచి, నేను పైన చెప్పిన ఐదు అంకెల్లో ఏవి అడుగుతున్నారో, ఏవి వదిలేశారో టేబుల్ వేసుకోండి. మంచి సెమినార్ టాపిక్ కూడా అవుతుంది.

ఎనిమిదో అడుగు: థీసిస్ ప్రశ్నను చిన్నది చేయండి

'పత్తిలో సుస్థిర యాజమాన్య పద్ధతులు' అనేది ప్రశ్న కాదు, లైబ్రరీలో ఒక అలమరా. 'పూత మొదలైనప్పుడు వారం రోజులు తడి ఆపితే మొదటి స్థానం కాయలు ఎన్ని రాలతాయి, మైక్రోనేర్ ఎంత మారుతుంది' అనేది ప్రశ్న. ఒక సీజన్‌లో తేలుతుంది, కొలవొచ్చు, అవునన్నా కాదన్నా ఎవరికో ఒకరికి పనికొస్తుంది. వీలైతే రెండు సీజన్లు చేయండి, ఒక్క సీజన్ అంటే ఒక్క వాతావరణమే.

రైతుల పొలాల్లో పని చేసేటప్పుడు ఏం కొలుస్తున్నారో, ఎందుకో ముందే చెప్పి ఒప్పుకున్నాకే మొదలుపెట్టండి. ఖర్చులు రాసేటప్పుడు ఇంటివాళ్ల శ్రమకు కూడా కూలి కట్టండి, ముఖ్యంగా తీత పనికి. అది వదిలేసిన లెక్కలో ఏ పద్ధతైనా లాభంగానే కనపడుతుంది. మందు కొట్టేవాళ్లకు గ్లవ్స్, మాస్క్ ఉన్నాయా లేదా అనేది కూడా డేటానే.

డేటా ఫైల్‌ను రెండు చోట్ల దాచుకోండి, కాలమ్ పేర్లకు అర్థం రాసి పెట్టండి, చెడిపోయిన వారాలను కూడా తీసేయకుండా కారణంతో సహా ఉంచండి. థీసిస్ బైండింగ్‌కు వెళ్లేలోపే ఒక పేజీలో, రైతు మాటల్లో ఫలితాలు రాసి, పొలం ఇచ్చినవాళ్ల దగ్గరికి మీరే వెళ్లి చదివి వినిపించండి. వాళ్లు వచ్చే సీజన్‌కు విత్తనం కొనకముందే ఆ పేజీ చేతికి అందాలి.